పీఎస్ 5కి సాటి వచ్చే డెస్క్‌టాప్: టెరాఫ్లాప్స్ లెక్క ఎక్కడ తప్పుతోంది?

#1 · పిక్సెల్‌పక్షి

అందరికీ నమస్తే. సోనీ గేమ్ కన్సోల్ పీఎస్ 5 (మొదటి మోడల్, ప్రో కాదు) స్థాయిలో ఆటలు నడిచే డెస్క్‌టాప్‌కి ఏ ప్రాసెసర్, ఏ గ్రాఫిక్స్ కార్డు సరిపోతాయి? టీవీకి పెట్టి ఆడటానికి, 60 ఫ్రేములు నిలకడగా రావాలి.

పీఎస్ 5 లెక్క 10.28 టెరాఫ్లాప్స్ (సెకనుకి ఎన్ని లక్షల కోట్ల లెక్కలు చేయగలదన్న అంకె). ఎన్‌విడియా కార్డు ఆర్‌టీఎక్స్ 3060 లెక్క 12.7 కాబట్టి అది చాలు, ఇంకా మిగులుతుంది అని కొందరంటున్నారు. కాదు, ఆర్‌టీఎక్స్ 2080 దాకా వెళ్లాలని ఇంకొందరు. తీరా చూస్తే 2080 లెక్క 10.1 మాత్రమే. తక్కువ అంకె ఉన్న కార్డు ఎక్కువ అంకె ఉన్నదాన్ని ఎలా దాటుతుంది?

#2 · బస్‌వెడల్పు

ఆ అంకె ఎలా వస్తుందో చూస్తే సగం గందరగోళం పోతుంది. పీఎస్ 5లో ఉన్నది ఏఎండీ చిప్. అందులో ఒక్కో కంప్యూట్ యూనిట్‌లో 64 షేడర్లు (లెక్కలు చేసే చిన్న భాగాలు). ఒక్కోటి ఒక క్లాక్‌కి (చిప్ గడియారం ఒక టిక్‌కి) ఒక గుణకారం, ఒక కూడిక కలిపి చేస్తుంది, అంటే 2 పనులు. పీఎస్ 5లో 36 యూనిట్లు, గరిష్ఠంగా 2.23 గిగాహెర్ట్జ్. 36 × 64 × 2 × 2.23 కలిపితే 10,276 గిగాఫ్లాప్స్. అంతే, ఇందులో ఇంకేమీ లేదు. మెమరీ ఎంత వేగం, క్యాష్ (చిప్ లోపలి చిన్న, వేగమైన మెమరీ) ఎంత, షేడర్లకి ఎంతసేపు పని దొరుకుతోంది, ఇవేవీ ఈ గుణకారంలోకి రావు.

3060 విషయానికొస్తే, ఎన్‌విడియా ఆంపియర్ తరంలో ప్రతి బ్లాక్‌లోనూ సగం షేడర్లు దశాంశ లెక్కలు, పూర్ణాంక లెక్కలు రెండూ చేస్తాయి. కాగితం మీద మొత్తం దశాంశాలకే వాడినట్టు రాస్తారు. ఆటలో అడ్రస్ లెక్కల్లాంటి పూర్ణాంకాల పని తగిలినప్పుడల్లా ఆ సగంలో కొంత అటు పోతుంది. 2080 ఉన్న ట్యూరింగ్ తరంలో పూర్ణాంకాలకి వేరే షేడర్లున్నాయి. అందుకే 10.1 ఉన్న 2080 చాలా ఆటల్లో 12.7 ఉన్న 3060ని దాటుతుంది.

ఏఎండీలోనూ ఇదే కథ. వేగా 64 లెక్క 12.66, ఆర్‌ఎక్స్ 5700 ఎక్స్‌టీ లెక్క 9.75. ఆటల్లో ముందుండేది రెండోదే. ఆర్‌ఎక్స్ 7600కి 21.5 అని రాస్తారు, ఒకే క్లాక్‌లో రెండు ఆదేశాలు జతగా వెళ్లినప్పటి లెక్క అది. ఆ జత కుదరడం అరుదు. 7600 కార్డు పీఎస్ 5కి రెండింతలు అని ఎవరైనా చెబితే నమ్మకండి.

టెరాఫ్లాప్స్‌ని ఒకే తరం చిప్‌ల మధ్యే పోల్చాలి. అప్పుడు కూడా మెమరీని పక్కన పెట్టుకునే.

#3 · ఫ్రేమ్‌టైమ్

పైన చెప్పిన నియమంతోనే వెతికితే పీఎస్ 5కి దగ్గరి చుట్టం ఆర్‌ఎక్స్ 6700 (ఎక్స్‌టీ కాని మామూలుది). అవే 36 యూనిట్లు, అదే ఆర్‌డీఎన్‌ఏ 2 (ఏఎండీ గ్రాఫిక్స్ తరం) వంశం, క్లాక్ కొంచెం ఎక్కువ, లెక్క 11.3 దాకా వస్తుంది. తేడా అంతా మెమరీ దగ్గరే.

పీఎస్ 5: 256 బిట్ల బస్ (మెమరీకి వెళ్లే దారి), పిన్‌కి 14 గిగాబిట్లు. 256 × 14 ÷ 8 = సెకనుకి 448 జీబీ. కానీ దాన్ని ప్రాసెసర్‌తో పంచుకోవాలి, మధ్యలో పెద్ద క్యాష్ కూడా లేదు.
ఆర్‌ఎక్స్ 6700: 160 బిట్లు, 16 గిగాబిట్లు, సెకనుకి 320 జీబీ. అయితే అది పూర్తిగా గ్రాఫిక్స్‌దే, పైగా చిప్ లోపలే 80 ఎంబీ ఇన్ఫినిటీ క్యాష్.

ఈ క్యాష్ ఎంత పని చేస్తుందనేది రిజల్యూషన్‌ని బట్టి మారుతుంది. 1080పీలో చాలాసార్లు కావలసిన డేటా అందులోనే దొరుకుతుంది. 4కేకి వెళ్లేసరికి బఫర్లు నాలుగింతలై క్యాష్ చాలక బయటి మెమరీకి పరిగెత్తాల్సి వస్తుంది. అందుకే 32 ఎంబీ క్యాష్, సెకనుకి 256 జీబీ మాత్రమే ఉన్న ఆర్‌ఎక్స్ 6600 ఎక్స్‌టీ 1080పీలో పీఎస్ 5కి దీటుగా నిలిచి, 4కేలో ఊపిరాడక వెనకబడుతుంది. కాగితం మీద దాని లెక్క 10.6, పీఎస్ 5 కన్నా ఎక్కువే!

ఎన్‌విడియా కార్డులతో పోలిస్తే, మామూలు రాస్టర్ పనికి (రే ట్రేసింగ్ లేకుండా బొమ్మ గీసే పనికి) పీఎస్ 5 2070 సూపర్, 2080ల మధ్య ఎక్కడో పడుతుంది. రే ట్రేసింగ్ (కాంతి కిరణాల దారిని లెక్కకట్టడం) వేస్తే ఎన్‌విడియా ముందుకెళ్తుంది. ఆర్‌డీఎన్‌ఏ 2లో కిరణం తగిలిందా లేదా అని పరీక్షించే భాగం మాత్రమే హార్డ్‌వేర్‌లో ఉంది. బీవీహెచ్ (దృశ్యంలోని వస్తువుల్ని పెట్టెల్లో పెట్టెలుగా అమర్చిన జాబితా) చెట్టు కొమ్మలు పట్టుకుని కిందికి దిగే పని షేడర్లే చేయాలి. ఎన్‌విడియాలో ఆ దిగే పని కూడా ఆర్‌టీ కోర్లే చూసుకుంటాయి.

#4 · కోర్‌కాపరి

అందరూ గ్రాఫిక్స్ కార్డు దగ్గరే ఆగిపోతారు. ప్రాసెసర్ సంగతి కూడా చూద్దాం.

పీఎస్ 5లో 8 జెన్ 2 (ఏఎండీ ప్రాసెసర్ తరం) కోర్లు, 3.5 గిగాహెర్ట్జ్ దాకా. ఇది విని రైజెన్ 7 3700ఎక్స్‌తో సమానం అనుకుంటారు. కాదు. 3700ఎక్స్‌లో ఎల్3 క్యాష్ 32 ఎంబీ, కన్సోల్‌లో 8 ఎంబీ. అది కూడా 4 కోర్ల గుంపుకి 4 ఎంబీ చొప్పున రెండు ముక్కలు. పైగా కన్సోల్ ప్రాసెసర్ మాట్లాడేది జీడీడీఆర్6 మెమరీతో. దానికి వెడల్పు ఎక్కువ, కానీ అడిగిన డేటా వచ్చేలోగా పట్టే సమయం డీడీఆర్4 కన్నా ఎక్కువ. క్యాష్ చిన్నది, మెమరీ దూరం, రెండూ ఒకేసారి దెబ్బ. ఏఎండీ 4700ఎస్ అని 8 జెన్ 2 కోర్లతో, బోర్డుకే అంటించిన జీడీడీఆర్6తో ఒక డెస్క్‌టాప్ కిట్ వచ్చింది. దాన్ని పరీక్షించినప్పుడు ఈ ఆలస్యం స్పష్టంగా బయటపడింది. దీనికి తోడు కోర్లన్నీ ఆటకే ఉండవు, సిస్టమ్ వాటా తీసేయాలి.

కాబట్టి 6 కోర్లున్న రైజెన్ 5 5600 కూడా కన్సోల్ ప్రాసెసర్‌ని తేలిగ్గా దాటుతుంది. ఎంత అంటారా? క్లాక్ 4.4 ÷ 3.5 = 1.26. జెన్ 3లో ఒక్కో క్లాక్‌కి జరిగే పని జెన్ 2 కన్నా 19% ఎక్కువని ఏఎండీ చెప్పింది. 1.26 × 1.19 = దాదాపు 1.5. 32 ఎంబీ క్యాష్ లాభం దీనికి అదనం.

ఇక్కడే చాలామంది మోసపోయే చోటు ఉంది. కన్సోల్‌లో ఆట 30 ఫ్రేములకి ఆగిపోవడానికి కారణం ప్రాసెసరే అయితే, పీసీలో దాన్ని 60 చేయాలంటే ప్రాసెసర్ 2 రెట్లు కావాలి. 1.5 చాలదు. గ్రాఫిక్స్ కార్డు ఎంత పెద్దది పెట్టినా 45, 50 దగ్గర ఊగుతూ ఉంటుంది. అలాంటి ఆటలే ముఖ్యమైతే 96 ఎంబీ ఎల్3 ఉన్న 5800ఎక్స్3డీ, 7800ఎక్స్3డీ లాంటివి చూడాలి.

#5 · పిక్సెల్‌పక్షి

ఇంత వివరంగా చెప్పినందుకు థాంక్స్. ఇంకో ప్రశ్న. పీఎస్ 5లో మెమరీ మొత్తం 16 జీబీయే కదా, అందులోనే అన్నీ. పీసీలో 8 జీబీ కార్డు, 16 జీబీ ర్యామ్ పెడితే మొత్తం 24 అవుతుంది. సరిపోవాలి కదా?

#6 · బస్‌వెడల్పు

అలా కూడితే కుదరదు పక్షి గారూ. రెండు గదుల మధ్య సన్న తలుపు ఉంది.

కన్సోల్‌లో ఒక టెక్స్చర్ (వస్తువుల మీద అతికే చిత్రం) మెమరీలోకి ఒక్కసారి వస్తే ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్‌కీ అదే కాపీ. పీసీలో డిస్క్ నుంచి ర్యామ్‌కి, అక్కణ్ణించి పీసీఐఈ (బోర్డుకీ కార్డుకీ మధ్య దారి, లేన్లుగా ఉంటుంది) మీదుగా కార్డుకి. చాలా వస్తువులు కాసేపైనా రెండు చోట్లా ఉంటాయి. కార్డు మెమరీ నిండితే మిగిలింది ర్యామ్‌లోనే ఉండిపోతుంది, ఫ్రేమ్ మధ్యలో దాన్ని తలుపు గుండా లాగాలి. తలుపు వెడల్పు చూడండి: పీసీఐఈ 4.0లో 16 లేన్లయితే సెకనుకి దాదాపు 31.5 జీబీ, 8 లేన్లయితే అందులో సగం, 3.0లో 8 లేన్లయితే 8 జీబీ కూడా రాదు. కార్డు సొంత మెమరీ వేగం వందల్లో ఉంటే ఇది పదుల్లో.

60 ఫ్రేములకి ఒక్కో ఫ్రేమ్ గడువు 16.67 మిల్లీసెకన్లు. 3.0లో 8 లేన్ల మీద ఆ సమయంలో దాటగలిగేది సుమారు 130 ఎంబీ. 300 ఎంబీ టెక్స్చర్లు అప్పటికప్పుడు కావలసి వస్తే రెండు ఫ్రేములు పైనే ఎగిరిపోతాయి. సగటు ఫ్రేమ్‌రేట్‌లో ఇది కనపడదు, కెమెరా తిప్పినప్పుడు చిన్న కుదుపులా తెలుస్తుంది.

ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ లెక్క చూస్తే ఎంత కావాలో అంచనా దొరుకుతుంది. 16 జీబీలో ఆటకి 13.5, సిస్టమ్‌కి 2.5. ఆ 13.5లో 10 జీబీ సెకనుకి 560 జీబీ వేగంతో, మిగతా 3.5 జీబీ 336 వేగంతో. గ్రాఫిక్స్ సరుకు ఆ 10లో, ప్రాసెసర్ సరుకు ఆ 3.5లో ఉంటుందని ఉద్దేశం. ఈ లెక్కన పీసీ కార్డుకి 10 నుంచి 12 జీబీ ఉంటేనే కన్సోల్ టెక్స్చర్లని యథాతథంగా పెట్టగలరు.

#7 · తక్కువవాట్లు

8 జీబీని అలా పూర్తిగా కొట్టేయకండి. టెక్స్చర్ సెట్టింగ్ అంటే చాలా ఆటల్లో నాణ్యత కాదు, స్ట్రీమింగ్‌కి కేటాయించే పూల్ సైజు. అల్ట్రా నుంచి హైకి దించితే దగ్గరి గోడ అలాగే ఉంటుంది, దూరపు వస్తువులకి పదును ఆలస్యంగా వస్తుంది. 1080పీ నుంచి అప్‌స్కేల్ చేసి (చిన్న చిత్రాన్ని పెద్దది చేసి) ఆడేవారికి 8 జీబీతో చాలావరకు గడిచిపోతుంది.

చేయాల్సిందల్లా ఆట మెనూలో చూపే మెమరీ గీతని నమ్మకుండా, ఆఫ్టర్‌బర్నర్ అనే కొలిచే ప్రోగ్రాంలో కార్డు మొత్తం కేటాయింపు కాకుండా ఆ ఒక్క ప్రాసెస్ వాడకాన్ని చూడటం. బ్రౌజర్, లాంచర్లు, రెండో మానిటర్ కలిసి అర జీబీ నుంచి ఒక జీబీ దాకా తినేస్తాయి. 7.2 దాటకుండా టెక్స్చర్లు పెట్టుకుంటే కుదుపులు రావు.

#8 · బస్‌వెడల్పు

గడవడం వేరు, సాటి రావడం వేరు. పక్షి గారు అడిగింది రెండోది. 2013లో ఇదే జరిగింది. పీఎస్ 4లో 18 యూనిట్లు, 1.84 టెరాఫ్లాప్స్. అప్పటి ఏఎండీ కార్డు హెచ్‌డీ 7850 లెక్క 1.76. దాదాపు సమానం. కానీ పీఎస్ 4లో 8 జీబీ జీడీడీఆర్5 ఉంటే 7850లో 2 జీబీ. రెండేళ్లు తిరిగేసరికి ఆటలు కన్సోల్ మెమరీకి అలవాటు పడ్డాయి, 2 జీబీ కార్డులు లెక్కల బలం ఉండీ టెక్స్చర్లు మోయలేకపోయాయి. కంప్యూట్ తక్కువైతే రిజల్యూషన్ దించి సర్దుకోవచ్చు. మెమరీ తక్కువైతే రిజల్యూషన్ దించినా పెద్దగా తగ్గదు, ఎందుకంటే బరువంతా టెక్స్చర్లది.

మీరు చెప్పిన ప్రాసెస్ వాడకం చూసే పద్ధతి మాత్రం నూటికి నూరుపాళ్లు సరైనది.

#9 · నీలిలేజర్

అసలు పోలిక ఎలా చేయాలో కూడా చెప్పండి అన్నా. పీసీలో అల్ట్రా పెట్టి, 4కే పెట్టి, కన్సోల్ దీన్ని మించిపోయింది అని రాస్తున్నారు. కన్సోల్ అల్ట్రాలో నడవదు కదా.

#10 · ఫ్రేమ్‌టైమ్

నడవదు. పెట్టె మీద 4కే అని ఉన్నా లోపల 1440పీ, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. 4కేలో 82,94,400 పిక్సెళ్లు, 1440పీలో 36,86,400. అంటే 44% పనే. ఇది సరిచూసుకోకపోతే పోలిక మొదట్లోనే తప్పిపోతుంది.

కన్సోల్ అసలు రిజల్యూషన్ కనుక్కునే పద్ధతి:

కన్సోల్ నుంచి 4కే స్క్రీన్‌షాట్ తీసుకోండి, కుదింపు లేని పీఎన్‌జీ అయితే మంచిది. క్యాప్చర్ కార్డుతో తీస్తుంటే పీఎస్ 5 సెట్టింగ్స్‌లో హెచ్‌డీసీపీ (కాపీ రక్షణ) ఆఫ్ చేయాలి, లేదంటే నల్లతెరే వస్తుంది. చిత్రంలో కాస్త వాలుగా ఉన్న గట్టి అంచు ఒకటి వెతకండి: కరెంటు తీగ, తలుపు చట్రం, నీలాకాశం ముందు ఇంటి కప్పు లాంటివి. దాన్ని 800% పెద్దది చేయండి. అంచు మెట్లుమెట్లుగా కనిపిస్తుంది. నిలువునా 30 పిక్సెళ్ల దూరం తీసుకుని అందులో ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టండి. అసలు 4కే అయితే 30 మెట్లుంటాయి. 20 ఉంటే 20 ÷ 30 × 2160 = 1440. అడ్డంగా కూడా విడిగా లెక్కించండి, కొన్ని ఆటలు వెడల్పు మాత్రమే తగ్గిస్తాయి.

ఎఫ్‌ఎస్‌ఆర్ 2 లాంటి అప్‌స్కేలర్ ఉంటే మెట్లు నునుపైపోతాయి, ఎందుకంటే అది పాత ఫ్రేముల నుంచి వివరాలు పోగేస్తుంది. అప్పుడు కట్‌సీన్‌లో కెమెరా మారిన మొట్టమొదటి ఫ్రేమ్ పట్టుకోండి. దానికి ముందు చరిత్ర లేదు కాబట్టి అసలు మెట్లు బయటపడతాయి. రిజల్యూషన్ మారుతూ ఉండే ఆటల్లో తేలిక దృశ్యం ఒకటి, పేలుళ్లున్న బరువైన దృశ్యం ఒకటి, రెండు చోట్లా కొలవాలి.

ఆ తర్వాత పీసీని ఆ రిజల్యూషన్‌కి తెచ్చి, అన్నీ 'లో' (అతి తక్కువ) సెట్టింగ్‌లో పెట్టి, ఒక్కో సెట్టింగే పెంచుతూ కన్సోల్ చిత్రంతో పక్కపక్కన చూడాలి. నీడల అంచు, గడ్డి ఎంత దూరం దాకా మొలుస్తోంది, అద్దంలో ప్రతిబింబం గింజలుగా ఉందా అన్న మూడు చోట్ల తేడా ముందు తెలుస్తుంది. నీడలు, వాల్యూమెట్రిక్ పొగ చాలా ఆటల్లో మీడియం దగ్గర, టెక్స్చర్లు హై దగ్గర కన్సోల్‌తో కలుస్తాయి. కొన్ని కన్సోల్ సెట్టింగ్స్ పీసీలోని 'లో' కన్నా కిందే ఉంటాయి, అవి పీసీలో దొరకవు. దాన్ని ఒప్పుకుని రాయాలి.

చివరగా ఫ్రేమ్‌రేట్. కన్సోల్ 60కి తాళం వేసి ఉంటే అది 61 చేయగలదో 85 చేయగలదో బయటికి తెలియదు. అందుకే తాళం ఉన్న చోట కాదు, కన్సోల్ 60 నుంచి జారిపడే చోట పోల్చాలి. అక్కడ అది 52 చేస్తుంటే, అదే దృశ్యంలో పీసీ తాళం తీసి ఎంత చేస్తుందో చూడాలి. సాటి అంటే అదీ.

#11 · కోర్‌కాపరి

దీనికి ఒక జోడింపు. ఆ జారిపడే చోట కారణం ప్రాసెసరా, గ్రాఫిక్సా అన్నది తేల్చుకోవాలి. పీసీలో అదే చోట నిలబడి రిజల్యూషన్‌ని 1280 × 720కి దించండి. ఫ్రేమ్‌రేట్ ఎగబాకితే ఇబ్బంది గ్రాఫిక్స్‌ది. అంగుళం కదలకపోతే ప్రాసెసర్‌దో మెమరీదో. గ్రాఫిక్స్ వాడకం 97–99% ఉంటే కార్డు నిండుగా పని చేస్తోంది, 70% దగ్గర తచ్చాడుతుంటే ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తోంది. ప్రాసెసర్ మొత్తం వాడకం 40% చూపిస్తోందని ధీమా పడొద్దు. ఒక్క థ్రెడ్ నిండితే చాలు, (5600 లాంటి 6 కోర్ల ప్రాసెసర్‌లో 12 ఉంటాయి) మిగతా 11 ఖాళీగా ఉన్నా ఆట అక్కడే ఆగుతుంది.

#12 · నీలిలేజర్

పీసీలో అంకెలన్నీ ఎక్కువే ఉన్నా కొత్త చోటుకి వెళ్లినప్పుడల్లా ఒక కుదుపు వస్తుంది, కన్సోల్‌లో రాదు. ఇది మెమరీ వల్లా?

#13 · ఫ్రేమ్‌టైమ్

మొదటిసారి వచ్చి, అదే చోటికి రెండోసారి వెళ్తే రాకపోతే అది షేడర్ కంపైలేషన్ (ఇక్కడ షేడర్ అంటే గ్రాఫిక్స్ కార్డు మీద నడిచే చిన్న ప్రోగ్రాం). కన్సోల్‌లో చిప్ ఒక్కటే, కాబట్టి షేడర్లని స్టూడియోలోనే ఆ చిప్ భాషలోకి మార్చి డిస్క్‌లో పెట్టి పంపుతారు. పీసీలో ఏ కార్డు, ఏ డ్రైవర్ అన్నది ముందే తెలియదు, మీ మెషీన్ మీదే మార్చాలి. కొన్ని ఆటలు మొదట్లోనే ఒక గీత చూపించి ఆ పని పూర్తిచేస్తాయి. ఆ గీత నిండేదాకా ఆగండి, మధ్యలో దాటవేయొద్దు. డ్రైవర్ మార్చిన ప్రతిసారీ పాత క్యాష్ చెల్లదు, పని మళ్లీ మొదలు. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో షేడర్ క్యాష్ సైజు 10 జీబీకి పెంచితే పాతవి తొందరగా చెరిగిపోవు.

రెండోసారి వెళ్లినా అదే చోట కుదుపు వస్తుంటే షేడర్లు కాదు, డేటా స్ట్రీమింగ్ చూడండి.

#14 · తక్కువవాట్లు

స్ట్రీమింగ్ అన్నారు కాబట్టి ఎస్‌ఎస్‌డీ సంగతి. పీఎస్ 5 డ్రైవ్ 825 జీబీ, సెకనుకి 5.5 జీబీ. కుదించిన డేటా విప్పాక 8–9 జీబీ లెక్కకి వస్తుంది. పీసీలో 7 జీబీ డ్రైవ్‌లు మామూలే కాబట్టి పీసీ గెలిచింది అనుకుంటారు. అసలు గుట్టు డ్రైవ్‌లో లేదు, విప్పే యంత్రంలో ఉంది. క్రాకెన్ ఫార్మాట్‌ని విప్పే విడి హార్డ్‌వేర్ ఆ చిప్‌లో ఉంది, ఆ పని ప్రాసెసర్‌తో చేయిస్తే దాదాపు 9 జెన్ 2 కోర్లు పడతాయని 2020లో పీఎస్ 5 రూపకర్త మార్క్ సెర్నీ చెప్పారు. పీసీలో ఆ పనంతా మీ 6 కోర్ల మీదే పడుతుంది, అదీ ఆట నడుస్తుండగా. విండోస్‌లోని డైరెక్ట్‌స్టోరేజ్ 1.1తో గ్రాఫిక్స్ కార్డే విప్పే దారి వచ్చింది, కానీ ఆట దాన్ని వాడుకునేలా రాస్తేనే లాభం.

ఆచరణలో: సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, ఈ తరం ఆటలకి వద్దు. పీసీఐఈ 3.0 ఎన్‌వీఎంఈ (3,500 ఎంబీ) కూడా చాలా ఆటలకి చాలు. 7,000 వేగానికి పెట్టేది ప్రాసెసర్ మీద పెడితే ఎక్కువ ఫలితం.

#15 · నీలిలేజర్

సిరీస్ ఎక్స్ 12.15 టెరాఫ్లాప్స్ అయి ఉండి కొన్ని ఆటల్లో పీఎస్ 5 ఎందుకు ముందుంటుంది? రెండూ ఒకే తరం చిప్‌లే కదా.

#16 · బస్‌వెడల్పు

క్లాక్ వల్ల. రెండింటిలోనూ పిక్సెళ్లు రాసే ఆర్‌ఓపీలు 64. పీఎస్ 5లో 64 × 2.23 = సెకనుకి 142.7 గిగాపిక్సెళ్లు, సిరీస్ ఎక్స్‌లో 64 × 1.825 = 116.8. షేడర్ లెక్కలు ఎక్కువున్న ఫ్రేమ్‌లో సిరీస్ ఎక్స్, పారదర్శక పొగలు, నీడల మ్యాపులు ఎక్కువున్న ఫ్రేమ్‌లో పీఎస్ 5. సిరీస్ ఎక్స్‌లోని 52 యూనిట్లనీ నింపేంత పని ప్రతి ఫ్రేమ్‌లోనూ దొరకదు కూడా.

పీఎస్ 5 ప్రోలో ఇదే పాఠం ఇంకో వైపు నుంచి కనపడుతుంది. యూనిట్లు 36 నుంచి 60కి, అంటే 67% ఎక్కువ. మెమరీ 448 నుంచి 576కి, అంటే 28% ఎక్కువ. ప్రాసెసర్ అదే జెన్ 2, 3.85 దాకా. సోనీ చెప్పుకున్న రెండరింగ్ లాభం 45%. 67కీ 28కీ మధ్యలో పడింది చూశారా!

#17 · పిక్సెల్‌పక్షి

అన్నీ చదివాక వేసుకున్న లిస్టు ఇది, తప్పులుంటే చెప్పండి: రైజెన్ 5 5500 (5600కి బదులు, అదీ 6 కోర్లే కదా), బీ550 బోర్డు, డీడీఆర్4-3200 16 జీబీ ఒకే స్టిక్ (తర్వాత ఇంకోటి వేయొచ్చని), ఆర్‌ఎక్స్ 6600 ఎక్స్‌టీ లేదా వాడిన 2070 సూపర్, 1 టీబీ ఎన్‌వీఎంఈ, 550 వాట్ల సప్లై. టీవీ 4కే 120 హెర్ట్జ్, వీఆర్‌ఆర్ (ఫ్రేములు వచ్చే వేగానికి తెర సర్దుకోవడం) ఉంది.

#18 · కోర్‌కాపరి

మూడు మార్చండి.

5500 పేరులో వంద తేడా, లోపల వేరే చిప్. ల్యాప్‌టాప్ వంశానిది. ఎల్3 16 ఎంబీ, పీసీఐఈ 3.0 మాత్రమే. బీ550 బోర్డు 4.0 ఇస్తుందన్నా ప్రాసెసర్ ఇవ్వదు. 6600 ఎక్స్‌టీకి ఉన్నవి 8 లేన్లే. అంటే బస్‌వెడల్పు గారు చెప్పిన 3.0 × 8 లేన్ల ఇరుకు తలుపు సరిగ్గా మీకే తగులుతుంది, అదీ 8 జీబీ కార్డుతో. 5600 తీసుకోండి, కార్డు 6700గానీ 12 జీబీ ఉన్న 6700 ఎక్స్‌టీగానీ. రెండింటికీ 16 లేన్లు.

ర్యామ్ ఒకే స్టిక్ వద్దు. డీడీఆర్4-3200 రెండు ఛానెళ్లలో సెకనుకి 51.2 జీబీ, ఒకదాంట్లో 25.6. 8 జీబీవి రెండు, కుదిరితే 16 జీబీవి రెండు. నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి.

సప్లై: 6700 (175 వాట్లు), 5600 (గరిష్ఠంగా 76) కలిపితే 550 నాణ్యమైనది చాలు. 6700 ఎక్స్‌టీ 230 వాట్లు, దానికి ఏఎండీ చెప్పింది 650. పోల్చి చూస్తే పీఎస్ 5 మొత్తం బరువైన ఆటలో గోడ దగ్గర 200 వాట్ల చుట్టుపక్కల తీసుకుంటుంది. వాట్ల విషయంలో డెస్క్‌టాప్ సాటి రాదు, ఆ ఆశ పెట్టుకోవద్దు.

#19 · ఫ్రేమ్‌టైమ్

2070 సూపర్‌ని టీవీ కారణంగానే తీసేయండి. దానికి హెచ్‌డీఎంఐ 2.0బీ మాత్రమే ఉంది. 4కే 120 పూర్తి రంగులతో ఆ తీగ మీద వెళ్లదు. 5700 ఎక్స్‌టీ కూడా అంతే. ఆర్‌ఎక్స్ 6000, ఆర్‌టీఎక్స్ 30 నుంచి 2.1 ఉంది, పీఎస్ 5లోనూ 2.1.

మెషీన్ లేచాక ఈ వరసలో చూసుకోండి. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని పెట్టె మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయకపోతే 3200 ర్యామ్ 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తుంది. ఎబోవ్ 4జీ డీకోడింగ్, రీసైజబుల్ బార్ రెండూ ఆన్, సీఎస్‌ఎం (పాత పద్ధతి బూట్) ఆఫ్. విండోస్ డిస్క్ జీపీటీ అయి ఉండాలి, ఎంబీఆర్ అయితే సీఎస్‌ఎం తీసేయగానే బూట్ కాదు. ఎస్‌ఎస్‌డీని ప్రాసెసర్‌కి దగ్గరున్న ఎం.2 స్లాట్‌లో పెట్టండి, బీ550లో 4.0 వేగం దానికే, కిందిది చిప్‌సెట్ నుంచి 3.0. కార్డు పై స్లాట్‌లోనే. జీపీయూ-జెడ్ తెరిచి ఆట నడుస్తుండగా బస్ గడిలో 16 లేన్లు, 4.0 చూపిస్తోందా చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు 1.1 చూపిస్తే కంగారుపడొద్దు, అది పొదుపు.

#20 · పిక్సెల్‌పక్షి

5600, రెండు 16 జీబీ స్టిక్కులు, 6700 ఎక్స్‌టీ, 650 వాట్లు. ఖాయం. టీవీలో ఫ్రేమ్ తాళం ఎంతకి వేయాలి?

#21 · ఫ్రేమ్‌టైమ్

విండోస్‌లో టీవీని 120 హెర్ట్జ్‌లోనే ఉంచండి, ఆటకి మాత్రం ఆర్‌టీఎస్‌ఎస్ అనే ప్రోగ్రాంతో 60 తాళం. 120 మోడ్‌లో ఒక్కో ఫ్రేమ్ తెర మీదికి 8.3 మిల్లీసెకన్లలో చేరిపోతుంది. 60 అందని ఆటకి 40 పెట్టండి: 25 మిల్లీసెకన్లు, 30కీ 60కీ ఫ్రేమ్ సమయంలో సరిగ్గా నడిమధ్య, 120ని మూడుతో భాగిస్తే వచ్చేదీ అదే కాబట్టి వీఆర్‌ఆర్ లేకున్నా నిలకడగా ఉంటుంది. 60 తాళం లేకుండా ఆడితే 116 దగ్గర ఆపండి.

నలుపు బూడిద రంగులో కనిపిస్తే ప్యానెల్ తప్పు కాదు, కార్డు లిమిటెడ్ రేంజ్ పంపుతుంటే టీవీ ఫుల్ అనుకుంటోంది. రెండు చోట్లా ఒకటే పెట్టండి. టీవీలో ఆ హెచ్‌డీఎంఐ పోర్టుకి పీసీ అని పేరు మార్చండి, చాలా టీవీల్లో అప్పుడే సన్న అక్షరాల చుట్టూ ఎర్ర మసక పోతుంది.